మూడు గురువారాలు

ఆ వానాకాలంలో నేను మూడు గురువారాలు ఒక అమ్మాయిని గుమ్మంలోంచే వెనక్కి పంపాను. వానలు తగ్గేలోపే నా భార్య పోయింది. ఈ రెంటికీ సంబంధం లేదంటాడు డాక్టరు. ఆయనకు ఆమె కడుపులో గడ్డ సంగతి తెలుసు. మిగతాది తెలీదు.

నా భార్య బడిపిల్లల సైకాలజిస్టు. మూడు బళ్ళు ఆమె కింద ఉండేవి. చదువు ఎక్కని పిల్లలు, నోరు విప్పని పిల్లలు, పక్కవాళ్ళను కొరికే పిల్లలు, అందరినీ ఆమె దగ్గరికే పంపేవాళ్ళు. నేను దర్జీని. ముందుగదిలో కుట్టుమిషను, గోడ పొడుగునా బళ్ళ యూనిఫారాలు. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆమె రాసే కాగితాల్లో సగం మాటలకు నాకు నోరు తిరిగేది కాదు. అందుకు ఆమె నన్ను ఏనాడూ తక్కువ చేయలేదు. ఆ పని నేనే చేసుకునేవాణ్ణి.

ఆ ఏడాది ఆమెకు ఒక అమ్మాయిని అప్పగించారు. చదువు ముగించి పనిలోకి కొత్తగా దిగిన పిల్ల. ఏడాదిపాటు ఈమె పర్యవేక్షణలో పిల్లల్ని చూడాలి. వారానికొక గంట ఎదురుగా కూర్చుని, ఎవరిని చూసింది, ఏం అడిగింది, ఏం రాసింది, అన్నీ అప్పజెప్పాలి. ఈమె చదవాలి, దిద్దాలి, ఆ తరవాతే సంతకం పెట్టాలి. ఈమె సంతకం లేకపోతే ఆ అమ్మాయి రాసిన ఏ రిపోర్టూ చెల్లదు. ఆఫీసులో ఖాళీ గది లేక ఆ గంట మా ఇంట్లో పెట్టుకున్నారు. గురువారం, నాలుగు నుంచి ఐదు.

మొదటి గురువారమే నా భార్య నాకు షరతు పెట్టింది.

"మీరు బయటికి వెళ్ళక్కర్లేదు. మిషను తొక్కుతూ ఉండండి."

"పని లేకపోతే?"

"పాతగుడ్డ మీద తొక్కండి. లోపలి మాటలు మీకు వినపడకూడదు. అవి పిల్లల మాటలు."

"నేనెవరికి చెప్తానే?"

"ఎవరికీ చెప్పరు. అయినా వినకూడదు."

అలా ప్రతి గురువారం గంటసేపు నా ఇంట్లో నేను చెవులు మూసుకున్నట్టే లెక్క. కాలు ఆగితే చాలు, లోపల్నుంచి గొంతు వచ్చేది. "ఏమండీ, దారం తెగిందా?" తెగిందో లేదో ఆమెకు తెలుసు.

ఆ అమ్మాయికి నేను గురువారం అని పేరు పెట్టాను. "ఆ పిల్లకు మంచి పేరుంది, ఆ పేరుతో పిలవచ్చుగా" అంది నా భార్య. "ఎవరి పేర్లూ నాకు తెలియకూడదని నువ్వేగా అన్నావు" అన్నాను. నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. అప్పటికే నొప్పి మొదలైందని నాకు తెలీదు.

ఒక్కసారి మాత్రం దారం నిజంగానే తెగింది. సూదిలోకి ఎక్కిస్తుంటే ఆమె గొంతు వినపడింది. మెత్తగా లేదు.

"చెవులు చూపించారా?"

"లేదు మేడమ్."

"కళ్ళు?"

"వాళ్ళ టీచరు చెప్పింది, బాగానే..."

"టీచరు కళ్ళ డాక్టరా? ముందు చెవులు, తరవాత కళ్ళు, ఆ తరవాత నిద్ర, తిండి. ఇవి తేలకుండా తెలివి కొలిచే పరీక్ష పెట్టె తెరవకు. పిల్లకు తెలివి తక్కువని రాయడానికి ఒక నిమిషం చాలు. దాన్ని చెరపడానికి ఒక జన్మ చాలదు."

ఆ అమ్మాయి ఏడ్చినట్టుంది. "ఏడువు, ఫర్వాలేదు. ఇక్కడ ఏడవచ్చు, పిల్లల ముందు కాదు" అంది నా భార్య. నేను దారం ఎక్కించి తొక్కడం మొదలుపెట్టాను.

వానలు పట్టిన రెండో వారంలో డాక్టరు గడ్డ సంగతి చెప్పాడు. కోయడానికి కూడా వీల్లేనంత పెరిగిందన్నాడు. ఆస్పత్రి మెట్లు దిగుతూ ఆమె అన్న మొదటి మాట, "ఇంకా పది గురువారాలున్నాయి."

"ఆఫీసుకు రాయి. సెలవు పెట్టు."

"రాస్తే ఆ అమ్మాయిని ఇంకెవరికో ఇస్తారు. వాళ్ళు మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడతారు. పది వారాలే కదండీ. కూర్చుని వినడమేగా, బస్తాలు మొయ్యను కదా."

ఆఫీసుకు రాయలేదు. ఆ తప్పు ఆమెదే. తరవాత తనే ఒప్పుకుంది. నేను కల్పించి చెప్పడం లేదు.

కొత్త మందు మనిషిని పడగొట్టేసింది. పొద్దుటి మాత్రకే మత్తెక్కేది, మధ్యాహ్నం మాత్ర వేసుకుంటే సాయంత్రం దాకా కళ్ళు తెరిచేది కాదు. తెరిచినా పొద్దున ఏం తిన్నదో గుర్తుండేది కాదు. "ఏమండీ, నేను స్నానం చేశానా?" అని అడిగేది. "చేశావు" అంటే సరే అనేది. ముప్పై ఏళ్ళు వేరేవాళ్ళ పిల్లల ప్రతి మాటా గుర్తుపెట్టుకున్న మనిషి, తన రోజును నన్నడిగి తెలుసుకునేది. నేను ఏం చెప్తే అదే ఆమె రోజు.

ఆ వారం గురువారం వచ్చింది. గొడుగు మడుస్తూ లోపలికి అడుగు పెట్టబోయింది.

"పడుకుంది" అన్నాను.

"ఎంతసేపైనా కూర్చుంటాను అంకుల్."

"అక్కర్లేదు. వచ్చే వారం రా."

వెళ్ళింది. సాయంత్రం నా భార్య లేచి అడిగింది. "గురువారం రాలేదా?" నేను పెట్టిన పేరే వాడింది.

"జ్వరమట."

"అయ్యో పాపం" అంది.

ఆ పూట ఆమె హాయిగా నిద్రపోయింది. మాటలు లేవు, ఆయాసం లేదు. నేను పక్కన కూర్చుని చూశాను. నాకు ఆ గంట మీద ఎప్పట్నుంచో కడుపుమంట. ఇంక మిగిలిన రోజుల్లోంచి కూడా వారానికో గంట ఎవరికో ఎందుకివ్వాలి? ఇదే నా ఆలోచన. దీన్ని ప్రేమంటారు కొందరు. నేననను.

రెండో వారం ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడింది.

"అంకుల్, మేడమ్‌కి ఏమైంది? నిజం చెప్పండి."

"నీరసం."

"ఒక పాప రిపోర్టు రాయాలి. మేడమ్‌తో మాట్లాడకుండా రాయడానికి నాకు ధైర్యం చాలడం లేదు. పోనీ ఆఫీసులో చెప్పి, మేడమ్ కోలుకునేదాకా ఇంకొకరిని అడగనా?"

అదీ దారి. ఆ పిల్ల సరైన దారే అడిగింది.

"ఆఫీసుకు చెప్పావంటే ఆమె ఉద్యోగానికి ఎసరు పెట్టినట్టే" అన్నాను. "నీకు అంత నేర్పిన మనిషికి ఇదా నువ్విచ్చేది?"

తల దించుకుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. వానలో వెనక్కి పోయింది.

మూడో వారం కవరు తెచ్చింది. లోపల నాలుగు పేజీల రిపోర్టు, వారం వారం ఆ గంట కూర్చున్నట్టు సంతకం పెట్టాల్సిన మూడు వారాల కాగితాలు.

"రేపు మధ్యాహ్నం లోపల బడికి చేరాలి అంకుల్. వాళ్ళు రోజూ అడుగుతున్నారు. మేడమ్ ఒక్కసారి చదివితే చాలు. ఎక్కడ తేడా ఉన్నా ఫోన్ చెయ్యమనండి. ఎప్పుడైనా ఫర్వాలేదు, ఫోన్ పక్కనే పెట్టుకుంటాను."

"చెప్తాను."

"తప్పకుండా చదవమనండి."

"చెప్తానన్నానుగా."

మర్నాడు శుక్రవారం ఉదయం, మాత్ర వేశాక, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాను. ఒళ్ళో పలక పెట్టి, దాని మీద కాగితాలు పెట్టి, చేతికి పెన్ను ఇచ్చాను.

"ఏమిటివి?"

"గురువారం ఇచ్చి వెళ్ళినవి. సంతకం పెట్టాలట."

"చదవాలి."

"చదివావుగా. నిన్న ఆ పిల్ల వచ్చింది, గంటసేపు కూర్చున్నారు. అంతా చదివి బాగుందన్నావు."

నా మొహంలోకి చూసింది. మందు మత్తులో కళ్ళు నిలవడం లేదు.

"నాకేం గుర్తులేదేం?"

"మందు."

"సరే. నాకు లేకపోతేనేం, మీకుందిగా."

నాలుగు చోట్ల సంతకం పెట్టింది. ఆఖరుది కాస్త వంకర పోయింది. నేనే బడికి తీసుకెళ్ళి ఇచ్చాను. వస్తూ దారిలో పళ్ళు కొన్నాను. ఆ రోజు నాకు మనసు తేలికగా ఉండింది.

తరవాత డాక్టరు మందు తగ్గించాడు. ఆమె తేరుకుంది. మళ్ళీ గురువారాలు మొదలయ్యాయి. నేను మిషను తొక్కాను. ఆ పిల్ల ముఖం చూస్తే, మూడు వారాల సంగతి లోపల ఎత్తలేదని అర్థమైంది. చెప్తే మేడమ్ ఉద్యోగం పోతుందన్న నా మాట పనిచేస్తోంది.

ఒక ఆదివారం పొద్దున ఒకావిడ వచ్చింది. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే పనిమనిషి. చేతులు సబ్బునీళ్ళకు పొరలు లేచి ఉన్నాయి. పక్కన ఎనిమిదేళ్ళ పాప.

"పెద్ద మేడమ్ ఇల్లు ఇదేనా అన్నా?"

"ఆమెకు ఒంట్లో బాగాలేదు. ఎవరినీ చూడదు."

"ఒక్క నిమిషం అన్నా. మా పాప కొత్త బడికి పోనంటోంది. బస్సెక్కించబోతే కమ్మీ పట్టుకుని వదలదు. ఆ బడిలో పిల్లలు కూర్చోలేరు, నిలబడలేరు, చొంగ తుడుచుకోలేరు. దీన్ని వాళ్ళ మధ్య కూర్చోబెట్టారు. పాతబడిలోకి మళ్ళీ ఏమన్నా..."

"బళ్ళో అడుగు."

"అడిగానన్నా. పెద్ద మేడమ్ సంతకం ఉంది, ఇక చేసేదేం లేదన్నారు."

లోపల్నుంచి గొంతు వచ్చింది. "ఎవరండీ?"

"ఎవరూ లేరు."

"లేనివాళ్ళు మాట్లాడుతున్నారే. లోపలికి రమ్మనండి."

కుర్చీ మంచం దగ్గరికి లాగి వేశాను. ఆవిడ కూర్చోలేదు. పాప నేల మీద చతికిలబడి, నా బొత్తాల డబ్బా ముందుకు లాక్కుంది. వద్దనబోతే నా భార్య చెయ్యెత్తి ఆపింది.

"నేను మీ మీద ఫిర్యాదుకు రాలేదు మేడమ్" అంది ఆవిడ. "చిన్న మేడమ్ కొత్త కదా, పొరబడిందేమో అనుకున్నాను. కింద మీ సంతకం చూశాక, నిజమే అయ్యుంటుంది అనుకున్నాను. మీరు పోయినేడు మా వీధిలో పిల్లాడి సంగతి చెప్పింది చెప్పినట్టు జరిగింది. అందుకే దీన్ని కొట్టడం కూడా మానేశాను. బుర్ర లేని పిల్లను కొట్టి ఏం లాభం?"

నా భార్య ఆ కాగితాలు అడిగి తీసుకుంది. చదవడం మొదలుపెట్టింది. ఆమె చదువుతుంటే గదిలో బొత్తాల చప్పుడు ఒక్కటే. పాప నాలుగు కన్నాలవి ఒక పక్క, రెండు కన్నాలవి ఒక పక్క వేస్తోంది. మళ్ళీ ఒక్కో పక్కలో పెద్దవి వేరే, చిన్నవి వేరే. ఎవరూ చెప్పలేదు.

మూడో పేజీ దగ్గర నా భార్య ఆగింది.

"ఇంట్లో పిలిస్తే పలుకుతుందా?"

"ఎదురుగా నిలబడి పిలిస్తే పలుకుతుంది మేడమ్. వెనకనుంచి పిలిస్తే పలకదు. పొగరు."

నా భార్య మంచం పక్కనున్న స్టీలు గ్లాసు తీసి కింద పడేసింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆవిడ ఉలిక్కిపడింది. పాప ఒక తెల్ల బొత్తాన్ని వెలుతురుకు పెట్టి కన్నాలు చూస్తోంది.

నా భార్య కాగితాలు మంచం మీద పెట్టింది.

"ఈ కాగితం తప్పమ్మా" అంది నా భార్య. "మీ పాపకు బుర్ర ఉంది. వినపడదు. తప్పు పాపది కాదు, మీది కాదు. దీన్ని సరిచేసే పని నాది. పాతబడికి మళ్ళీ వెళ్తుంది. నేను పంపిస్తాను."

ఆవిడ నిలబడ్డ చోటే గోడకు ఆనుకుంది. ఏడవలేదు. "దీన్ని ఎన్ని దెబ్బలు కొట్టాను మేడమ్" అంది. అంతే.

వాళ్ళు వెళ్ళాక గ్లాసు ఎత్తబోయాను.

"ఉంచండి" అంది. మూడో పేజీ నా ముందుకు తోసింది. వేలు ఒక చోట పెట్టింది. చెవి పరీక్ష అని ఉంది. దాని ఎదురుగా ఒక చిన్న గీత. "ఈ గీత చూశాక నేను సంతకం పెట్టను. గుర్తున్నా పెట్టను, గుర్తులేకపోయినా పెట్టను. ఇది నేను చదివానా?"

ఇంకా చెప్పొచ్చు, మందు అని. నోటి దాకా వచ్చింది.

"లేదు" అన్నాను.

"ఆ గురువారం ఆ పిల్ల వచ్చి నాతో కూర్చుందా?"

"లేదు. నేనే పంపేశాను. మూడు వారాలూ."

"జ్వరం?"

"లేదు."

తిట్టలేదు. తిడితే బాగుండేది. కాగితాన్ని మడత మీద మడత పెట్టింది.

"తరవాత ఒకరోజు ఆ అమ్మాయి ఈ పాప మాట ఎత్తింది" అంది. "ఎవరో నాకు గుర్తురాలేదు. గుర్తులేదని ఒప్పుకోడానికి సిగ్గేసింది. తలూపాను. ఆ రోజు నోరు విప్పి అడిగినా మూడు వారాల ముందే తేలిపోయేది. అది నాది. మిగతాది మీది." ఫోన్ ఇమ్మంది.

ఆ సాయంత్రమే ఆ అమ్మాయి వచ్చింది. నేను మిషను ముందు కూర్చున్నాను.

"ఇవాళ మిషను చాలదు" అంది నా భార్య. "వీధి చివరికి వెళ్ళండి."

బస్టాపు రేకు కింద గంటన్నర నిలబడ్డాను. వాన. ఆ అమ్మాయి బయటికి వచ్చి నా పక్కనే బస్సు కోసం నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"మేడమ్ మీ పేరు ఎత్తలేదు అంకుల్. నేనే అర్థం చేసుకున్నాను."

"నువ్వు చెవుల సంగతి ఎందుకడగలేదు?"

"మర్చిపోయాను. పాప నా పెదాలకేసే చూసేది, అన్నిటికీ తలూపేది. నేను..."

"ముందు చెవుల సంగతి అడగమనే కదా ఆమె చెప్పింది."

తలతిప్పి చూసింది. "మీకెలా తెలుసు?"

"ఒకసారి దారం తెగింది."

"నాకు ఆమె గుర్తుచేసేది" అంది. "గుర్తుచేస్తుందన్న ధీమా ఉండేది. అందుకే ఆ గంట ఉంటుంది అంకుల్." బస్సు వచ్చింది, ఎక్కింది.

ఆ పిల్లను నేను క్షమించలేదు. ఇప్పటికీ లేదు. న్యాయం కాదని తెలుసు.

నా భార్య ఆఫీసుకు రెండు పేజీలు రాసింది. జబ్బు దాచాను, అమ్మాయిని ఇంకొకరికి అప్పగించాల్సింది అప్పగించలేదు, మూడు వారాలు కూర్చోకుండానే కూర్చున్నట్టు సంతకం చేశాను, చదవని రిపోర్టు మీద సంతకం చేశాను, పాపను తిరిగి పాతబడిలో చేర్చుకోవాలి. నా చేతికివ్వలేదు. పక్కింటావిడను పిలిచి పోస్టులో వేయించింది.

పది రోజులకు పెద్దాఫీసరు ఇంటికి వచ్చాడు. బట్టతల, బోలెడంత మర్యాద. ఆమె కంటే ఐదేళ్ళు చిన్న. ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు.

"మేడమ్, ఇదంతా రాయాలా?" అన్నాడు. "ఒంట్లో బాగాలేక చూసుకోలేకపోయానని ఒక్క వాక్యం రాయండి. చెవి పరీక్ష మర్చిపోయింది ఆ అమ్మాయి. అది రికార్డులో ఉంది. మీ దాకా రానక్కర్లేదు."

"మర్చిపోతుందనే కదయ్యా నన్ను పెట్టింది."

"లైసెన్సు తీసేస్తారు మేడమ్. ఈ పరిస్థితిలో..."

"ఈ పరిస్థితిలో దాంతో నాకేం పని? పాప కాగితం ఎప్పుడొస్తుందో అది చెప్పు."

"చెవి డాక్టరు రాయాలి, కొత్తగా ఇంకొకరు పరీక్ష చెయ్యాలి, కమిటీ కూర్చోవాలి. వెంటపడతాను." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. మీరు చదవకుండా సంతకం పెట్టడమేమిటి? మా చేతిలోంచి కాగితాలు లాక్కుని మరీ చదివేవారు."

నేను మంచినీళ్ళ పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె నా వైపు చూడలేదు. చూస్తే చెప్పేవాణ్ణేమో. చూడకపోయినా చెప్పొచ్చు. కాళ్ళు ఉన్నాయి, నోరు ఉంది. రెండడుగుల దూరం.

"పెట్టాను" అంది. "నా చేత్తోనే పెట్టాను. రాసుకో."

రాసుకున్నాడు. నేను నీళ్ళు ఇచ్చాను.

అతను వెళ్ళాక అడిగాను. "నా పేరెందుకు చెప్పలేదు?"

"ఆ నియమాలకు ఒప్పుకుని సంతకం పెట్టింది నేను. మీరు పెట్టలేదు. మీకు వాటితో సంబంధం లేదు."

అంతకంటే పెద్ద శిక్ష ఆమెకు తట్టి ఉండదు. తట్టినా వేసేది కాదు. శిక్ష అని కూడా అనుకోలేదు, ఉన్నమాట చెప్పింది. నేను చేసినదాంట్లో నాకు వాటా కూడా లేకుండా పోయింది.

లైసెన్సు తీసేశారు. మూడు బళ్ళలోనూ గోడ మీది పేరు చెరిపేశారు. ఆ అమ్మాయికి ఆ ఏడాది మొత్తం లెక్కలోంచి కొట్టేశారు, ఇంకొకరి దగ్గర మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలన్నారు. పాపకు చెవి డాక్టరు చూశాడు. ఎడమ చెవి అసలు వినపడదు, కుడి చెవి పావువంతే అన్నాడు. చెవి మిషను పెట్టారు. కాగితం మాత్రం రాలేదు. కమిటీలో ఒకాయన సెలవు. ఇంకొకాయన బదిలీ.

నా భార్య రోజూ ఆఫీసుకు ఫోన్ చేసేది. మొదట గట్టిగా, తరవాత మెల్లగా, తరవాత పక్కింటావిడ చేత.

మళ్ళీ పెద్ద మందు మొదలైంది. మళ్ళీ మరుపు. రోజూ మధ్యాహ్నం ఒక నర్సు వచ్చేది, లావుపాటి, నోరున్న మనిషి. ఆమె వచ్చిన మొదటి వారంలోనే ఒకటి గమనించాను. నా భార్య నన్ను అడగడం మానేసింది. నేను పక్కనే ఉండేవాణ్ణి, అన్నం ముద్ద నోట్లో పెట్టి చెయ్యి తుడుచుకుంటూ ఉండేవాణ్ణి. నా మీదుగా చూసి నర్సును అడిగేది. "నేను తిన్నానా అమ్మాయ్?"

"ఇప్పుడేగా మీ ఆయన తినిపించాడు. నోట్లో ముద్ద ఇంకా ఉంది" అని నర్సు నవ్వేది.

"అవునా" అనేది. అప్పుడు నమ్మేది.

నర్సు లేని వేళల్లో అసలు అడిగేది కాదు. తను తిన్నదో లేదో, పగలో సాయంత్రమో తెలియకుండానే పడుకుని ఉండేది. కోపం కాదు. నా మీద చెయ్యి వేసుకునే నిద్రపోయేది. దుప్పటి నాకూ కప్పేది. ఒక్క నా మాట మాత్రం పుచ్చుకునేది కాదు.

చివర్లో రెండు రోజులు కళ్ళు తెరవలేదు. మూడో రోజు మధ్యాహ్నం, వాన తెరిపిచ్చి కిటికీలోంచి కాస్త ఎండ పడుతుండగా, తెరిచింది. నర్సు దుప్పటి మారుస్తోంది. నేను కాళ్ళ దగ్గర ఉన్నాను.

"ఏమండీ" అంది.

రెండు నెలల తరవాత నన్ను అడిగింది.

"ఆ పాప బడికి వెళ్ళిందా?"

నర్సుకు ఆ పాప ఎవరో తెలుసు. మా ఇంట్లో అడుగుపెట్టిన వాళ్ళందరికీ తెలుసు. ఆమె వీపు వెనకనుంచి నర్సు నాకు తల ఊపి చూపించింది. వెళ్ళిందని చెప్పు అని. కళ్ళు పెద్దవి చేసి మరీ.

నాకూ తెలుసు ఆ మాట చెప్పాలని. చెప్తే ఆమె నమ్ముతుంది. అందుకే కదా నన్నడిగింది.

"ఇంకా లేదు" అన్నాను. "కాగితం రాలేదు."

కాసేపు నన్నే చూసింది. తరవాత కష్టపడి మెడ తిప్పి నర్సు మొహం చూసింది. నర్సు తల దించుకుంది. ఆ దించుకోవడంలోనే ఆమెకు జవాబు దొరికింది.

"నిజమే చెప్పారు" అంది. నాతో కాదు, నర్సుతో.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి పోయింది. పాప ఇంకా ఆ వేరే బడిలోనే ఉందని తెలిసి పోయింది.

పదకొండో రోజున కాగితం వచ్చింది. ఆ తరవాతి సోమవారం దుప్పట్లు ఉతికే ఆవిడ పాపను తీసుకుని వచ్చింది. పాప పాతబడి యూనిఫారంలో ఉంది, చెవిలో మిషను. "మేడమ్‌కి ఒక్కసారి చూపించి బడిలో దింపుదామని వచ్చానన్నా" అంది. పోయిందని చెప్పాను. ఆవిడ అక్కడే మెట్ల మీద కూలబడింది. పాప తల్లి మొహం, నా మొహం మార్చి మార్చి చూసింది. బడికి వేళవుతోందని నేనే గుర్తుచేసి పంపాను.

ఆ మధ్యాహ్నమే నర్సు తన సామాను పట్టుకుపోవడానికి వచ్చింది. పాప బడికెళ్ళిందని చెప్పాను. సెలైను సీసా తగిలించే స్టాండు విప్పుతున్నదల్లా ఆగింది.

"పెద్దవాళ్ళని అనకూడదు గానీ" అంది, "మీది గుండె కాదండీ, బండ. చచ్చిపోయే మనిషి. ఒక్క మాట. వెళ్ళింది అంటే మీ సొమ్మేం పోయేది?"

"అలాంటి మాట ఇంక నా దగ్గర లేదు" అన్నాను. "ఒక శుక్రవారం పొద్దున వాడేశాను."

ఆమెకు అర్థం కాలేదు. స్టాండు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.